పేపరంతా పచ్చగానే ఉంది, బండి మాత్రం మాట వినదు: విజయనగరం, శ్రీకాకుళం 3డి అలైన్‌మెంట్ సర్వీసు రివ్యూ

విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా కాస్త పెద్ద టైర్ షాపుకి వెళ్తే చక్రాల కోణాలు కెమెరాలతో కొలిచి సరిచేసే 3డి అలైన్‌మెంట్ మెషీన్ కనిపిస్తుంది. సెడాన్‌కి అలైన్‌మెంట్ ఒక్కటే అయితే సుమారు 400 నుంచి 700 రూపాయలు. చక్రం బరువు అన్నివైపులా సమం చేసే బ్యాలెన్సింగ్ కలిపితే వెయ్యికి అటూ ఇటూ, రిమ్ముకి అతికించే బరువులకి వేరే. "స్టీరింగ్ లూజుగా ఉంది, మలుపులో బండి ఆలస్యంగా తిరుగుతోంది" అని వెళ్లిన ప్రతివారికీ అక్కడ పడే మొదటి మందు ఇదే. మందు మంచిదే. నాడి చూడకుండా వేస్తున్నారన్నదే పేచీ.

సిటీ, సియాజ్, డిజైర్, ఇప్పటి వెర్నా లాంటి బళ్లని దృష్టిలో పెట్టుకుని ఈ రివ్యూ. వీటన్నింటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్‌అబ్జార్బరూ ఒకే కాడగా ఉండే సస్పెన్షన్), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలని కలిపే దూలం), ఎలక్ట్రిక్ స్టీరింగ్. కాబట్టి జబ్బులూ దాదాపు ఒకటే.

మెషీన్‌తో తగువు లేదు. నాలుగు చక్రాలకీ క్లాంపులు తగిలించి వాటిమీద టార్గెట్ పలకలు పెడతారు, ఎదురుగా ఉన్న కెమెరాలు వాటిని చదువుతాయి. బండిని కొంచెం వెనక్కీ ముందుకీ దొర్లిస్తే రిమ్ము వంకర, క్లాంపు వంకర లెక్కలోంచి తొలగిపోతాయి. తర్వాత బ్రేకు తొక్కిపెట్టి, ముందు చక్రాల కింద తిరుగుడు పళ్లేల పిన్నులు తీసి, స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ తిప్పి కాస్టర్ కొలవాలి. హడావుడిగా ఉన్న షాపులో ఎగ్గొట్టేది సరిగ్గా ఈ మెట్టునే. పేపర్లో కాస్టర్ గళ్లు ఖాళీగా ఉంటే విషయం అదే. చక్రం ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో అది వెనక్కి వాలిన కోణమే కాస్టర్. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకి రావడం, హైవే మీద చేతికి కాస్త బరువు తగలడం చాలావరకు దాని చలవే. రెండు పక్కలా తేడా ఉంటే తక్కువున్న పక్కకి బండి లాగుతుంది. ఏదో గోతిలో ఆ పక్క లోయర్ ఆర్మో (చక్రాన్ని కింద నుంచి పట్టే చెయ్యి), అది బిగించిన సబ్‌ఫ్రేమో వెనక్కి జరిగి ఉండొచ్చు. ఎంత టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తిప్పినా ఆ లాగుడు పోదు.

ఈ బళ్లలో షాపులో మార్చగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. ముందు క్యాంబర్‌కీ (ఎదురునుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణం) కాస్టర్‌కీ కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు. వెనక టోర్షన్ బీమ్‌లో అసలేమీ తిరగదు. అందుకే "ముందు", "తర్వాత" అని రెండు వరసలు ఇచ్చే పేపర్ని పక్కపక్కన పెట్టి చూడండి. వెనక చక్రాల అంకె మొదట ఎరుపులో (కంపెనీ హద్దు దాటి) ఉండి, చివర్లో పచ్చగా (హద్దు లోపలికి) మారిందా? ఎవరూ ఏమీ తిప్పలేదు. మొదటిసారి క్లాంపు సరిగా కూర్చోలేదు, లేదా రెండోసారి తప్పుగా కూర్చుంది. అలాంటి పేపరు మీద పెట్టిన ముందు టోనీ నమ్మడానికి లేదు, ఎందుకంటే ఈ మెషీన్ ముందు చక్రాలని వెనక చక్రాలు చూపే దారికి అనుగుణంగా సరిచేస్తుంది.

అంకెల్లో ఇంకో తిరకాసు ఉంది. తెర మీద 0.10 అని కనిపిస్తే అది పది మినిట్లా, డిగ్రీలో పదో వంతా అని అడగండి. డిగ్రీకి 60 మినిట్లు కాబట్టి డిగ్రీలో పదో వంతంటే 6 మినిట్లే. 15 అంగుళాల రిమ్ము అంచు దగ్గర మొత్తం టో 10 మినిట్లు అంటే మిల్లీమీటరు పైచిలుకు. చక్రాలు ముందువైపు కాస్త లోపలికి చూస్తే బండి తిన్నగా నడుస్తుంది. బయటికి చూస్తే మలుపులోకి చప్పున దూకుతుంది గానీ ఎన్‌హెచ్-16 మీద నిలకడ ఉండదు, టైరు లోపలి అంచు అరిగిపోతుంది. కంపెనీ హద్దుల్లోనే ఉంటూ సున్నాకి దగ్గరగా పెట్టమనడం మంచి బేరం. చాలామంది ఆపరేటర్లు గడి పచ్చబడగానే చెయ్యి తీసేస్తారు. హద్దు అంచున ఉన్నా పచ్చే, మధ్యలో ఉన్నా పచ్చే. మధ్యకి తెమ్మని అడిగితే ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది, అంతే.

టో తిప్పేటప్పుడు ర్యాక్ (స్టీరింగ్ తిప్పుని చక్రాలకి చేర్చే భాగం) మీది రబ్బరు తొడుగు, అంటే బూటుకున్న క్లిప్పు వదులు చేశారో లేదో కింద నిలబడి చూడాలి. క్లిప్పు వదలకుండా టై రాడ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ) తిప్పితే బూటు మెలిక పడి, కొన్నాళ్లకి చిరిగి, లోపలికి నీళ్లూ మట్టీ వెళ్తాయి. కళింగపట్నం, భోగాపురం, బారువ లాంటి తీరం వైపు తిరిగే బళ్లకి టై రాడ్ మర మీద తుప్పు పట్టి లాక్ నట్టు పట్టేస్తుంది. అలాంటప్పుడు వదులైన పక్కే తిప్పి లెక్క సరిచేసేస్తారు. మొత్తం టో సరిగానే వస్తుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి స్టీరింగ్ చక్రాన్నే విప్పి తిన్నగా బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. తుప్పు వదిలించే నూనె కొట్టి, పావుగంట ఆగి, రెండు పక్కలా సమానంగా తిప్పడమే పద్ధతి.

అసలు లోటు మెషీన్ ఎక్కకముందే ఉంది. ఆట (వదులు కదలిక) ఉన్న కీళ్ల మీద చేసిన అలైన్‌మెంట్ మొదటి గోతి దగ్గరే చెదిరిపోతుంది. అయినా చెకప్ అంటే టార్చి వేసి కిందకి ఓ చూపు చూడడంతో సరి. నిజమైన పరీక్షకి పది నిమిషాలు చాలు. చక్రం గాల్లో ఉండగా పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా, అది బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివరి కీలు) లేదా చక్రం బేరింగ్. ఒకరు బ్రేకు తొక్కి ఉంచగా మళ్లీ ఊపితే ఆట మాయమైతే బేరింగే. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలిందా, టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. చిన్న గతుకుల మీద టకటక శబ్దమైతే ఎక్కువగా లింక్ రాడ్లే (బండి ఒరుగుడు తగ్గించే యాంటీ రోల్ బార్‌ని పట్టే కడ్డీలు). బండి నేలమీద ఉండగా స్ప్రింగు మీద చెయ్యి వేసి స్టీరింగ్ తిప్పించండి. స్ప్రింగు నెమ్మదిగా తిరక్కుండా పట్టేసి టంగుమని ఎగిరితే పైన స్ట్రట్ మౌంటింగ్ బేరింగ్ పోయింది. మలుపు నుంచి స్టీరింగ్ వెనక్కి రావట్లేదని వచ్చే బళ్లలో దీన్నే ముందు చూడాలి, అలైన్‌మెంట్ కాదు.

ఎక్కువమంది వదిలేసేది లోయర్ ఆర్మ్ వెనక బుష్. ముందు చక్రం మీద పక్కకి బలం పడినప్పుడు, బ్రేకు పడినప్పుడు ఆర్మ్‌ని కదలకుండా పట్టేది ఈ రబ్బరే. అది చీలితే స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణం ఆర్మ్ జరగడానికే ఖర్చవుతుంది, ఆ తర్వాతే బండి తిరుగుతుంది. డ్రైవరుకి అది "లూజు"గా అనిపిస్తుంది. టామీ రాడ్ పెట్టి ఎత్తి చూస్తే చీలిక కనిపిస్తుంది. కొత్త బుష్ ప్రెస్ చేయించడం చవక, కానీ బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే ఆర్మ్ మొత్తం మార్చుకోవడమే లాభం. బిగింపులో మాత్రం గట్టిగా ఉండండి: బుష్ బోల్టులు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. ర్యాంపు మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. కొత్త బుష్ ఆరు నెలలకే పోయిందంటే పార్టు నకిలీదని తిట్టేముందు ఇది అడగాలి.

ఇంకో సలహా వినిపిస్తుంది: "ర్యాక్ కింద బోల్టు కాస్త బిగిస్తే ప్లే పోతుంది సార్." పోతుంది. అతిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యకి రావడమూ పోతుంది. మిగతా కీళ్లన్నీ బాగున్నాయని తేలాకే, మాన్యువల్ కొలతతోనే దాని జోలికి వెళ్లాలి.

టైర్ల దగ్గర షాపు సలహా సగమే నమ్మొచ్చు. పాత సిటీకి వచ్చిన 175/65 ఆర్15 టైరు (175 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము) పక్క గోడ సుమారు 114 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 608. దీనికి బదులు 195/60 ఆర్15 వేయమని గట్టిగా చెబుతారు. వెడల్పు పెరిగి పట్టు పెరుగుతుంది నిజమే, కానీ దాని పక్క గోడ 117. అంటే ఇంకా ఎత్తు. ఐదున్నర అంగుళాల రిమ్ము మీద ఆ గోడ ఉబ్బి, స్టీరింగ్ తిప్పినప్పుడు మరింత వంగుతుంది. చురుకుదనం కోసం వెళ్లి మెత్తదనం కొనుక్కున్నట్టు. 185/60 ఆర్15 అయితే గోడ 111, వ్యాసం 603. స్పీడోమీటర్ తేడా ఒక శాతం లోపే, అదే రిమ్ముకి సరిగ్గా అమరుతుంది. 16 అంగుళాల రిమ్ముతో 185/55 వేస్తే గోడ 102కి దిగుతుంది, వ్యాసం 610, స్పందనలో తేడా చేతికి తెలుస్తుంది. గోతుల్లో రిమ్ము వంగే భయమూ దానితోపాటే వస్తుంది. ఏది కొన్నా పక్క గోడ మీది నాలుగంకెల తయారీ కోడ్ చూడండి: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గట్టిపడిన పాత రబ్బరుకి ఏ అలైన్‌మెంటూ పట్టు తేలేదు.

గాలి సంగతి క్లుప్తంగా: డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ అంకె చల్లటి టైరుకి. మధ్యాహ్నం ఎండలో పది కిలోమీటర్లు నడిచొచ్చిన టైరుని ఆ అంకెకి తెస్తే, తెల్లారేసరికి తక్కువ అవుతుంది. ముందు చక్రాలకి స్టిక్కర్ కంటే 2 పీఎస్‌ఐ ఎక్కువ పెడితే మొదటి తిప్పు కాస్త బిగుస్తుంది. అంతకు మించితే పట్టు తగ్గడం మొదలు. అలైన్‌మెంట్‌కి ముందే గాలి సరిచేయాలి, తర్వాత కాదు.

ఇక యాక్సెసరీ షాపుల సరుకు. స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతోందని స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు మన వైపు విరివిగా అమ్ముడవుతాయి. వీటంత చెడ్డ కొనుగోలు ఇంకోటి లేదు. ఒక చుట్టు పని చేయడం మానేస్తుంది కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది, షాక్‌అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకి తగ్గదే. అందుకే గతుకు దాటాక బండి ఎగురుతుంది. ఎత్తు మారడంతో టో, క్యాంబర్ రెండూ మారతాయి. ఐదుగురు మనుషులూ నిండా సామానుతో తిరిగే బండికి వెనక మాత్రం పెట్టుకుంటే కొంత అర్థముంది. ముందు అస్సలు వద్దు. అలైన్‌మెంట్‌కి వెళ్లేముందు తీయించేయండి.

రెండు స్ట్రట్‌ల తలల్ని కలుపుతూ ఇంజిన్ గదిలో మెరిసే స్ట్రట్ బార్‌కి ఫొటోలో విలువ ఎక్కువ, మలుపులో తక్కువ. రబ్బరు కంటే గట్టిగా ఉండే పాలీయురేథేన్ బుష్‌లు నిజంగా బిగుతు తెస్తాయి. అయితే సరైన గ్రీజు లేకుండా వేస్తే కీచుమంటాయి, రోడ్డు అదురు స్టీరింగ్ దాకా వస్తుంది. రోజూ ఇంటిల్లిపాదీ తిరిగే బండికి కంపెనీ రబ్బరే చాలు. లోయరింగ్ స్ప్రింగులతో మెక్‌ఫర్సన్ బండిని 30 మిల్లీమీటర్లు దించితే చూపుకి బాగుంటుంది. కానీ బండి బరువు కేంద్రం దిగినదాని కంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది, కాబట్టి ఒరిగే గుణం ఆశించినంత తగ్గదు. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశాలకి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందు క్యాంబర్ కోసం ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే కోణం మారేవి) వేస్తే అర డిగ్రీ నెగెటివ్‌తో (చక్రం పైభాగం లోపలికి వాలడంతో) మలుపులో ముందు చక్రం బాగా పట్టుకుంటుంది. పెయింట్‌తో గీత పెట్టుకుని, గోతి దెబ్బ తగిలినప్పుడల్లా జారిందేమో చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే అది.

వెనక బీమ్‌కి బిగించే యాంటీ రోల్ బార్ మాత్రం ఇచ్చిన డబ్బుకి పని చేస్తుంది. ముందు చక్రాలు బయటికి జారిపోయే స్వభావం తగ్గి, ముక్కు లోపలికి వస్తుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. దిగేటప్పుడే జాగ్రత్త: వానలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలితే వెనక భాగం తేలికై పక్కకి రావొచ్చు. వెనక అరిగిన టైర్లుంటే ఆ బార్ కొనకండి.

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో మోటారు ఎంత సాయం చేయాలో కంప్యూటర్ తేల్చుతుంది. రోడ్డు కబురు చేతికి పూర్తిగా రాకపోవడం ఈ బళ్ల తత్వం, దాన్ని ఏ షాపూ మార్చలేదు. ఈఎస్‌పీ (బండి జారకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండికి మాత్రం అలైన్‌మెంట్ తర్వాత అవసరమైతే స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ సున్నా చేయించాలి. ఆ స్కానర్ ఉందో లేదో బండి మెషీన్ ఎక్కకముందే అడగండి.

కీళ్లు చూసి, కాస్టర్ కొలిచి, టో మధ్యకి తెచ్చే షాపు దొరికితే ఈ సర్వీసుకి ఐదుకి నాలుగు. నేరుగా మెషీన్ ఎక్కించి పేపర్ చేతిలో పెట్టే చోట రెండు.

డబ్బు కట్టాక టెస్ట్ తప్పనిసరి. విజయనగరం వాళ్లు నాతవలస మీదుగా, శ్రీకాకుళం వాళ్లు నేరుగా ఎన్‌హెచ్-16 ఎక్కి 80 దగ్గర స్టీరింగ్ తేలిగ్గా వదులుగా పట్టుకుని చూడాలి. నీళ్లు పోవడానికి రోడ్డు పక్కకి వాలు ఉంటుంది కాబట్టి ఎడమకి మెల్లగా జరగడం జబ్బు కాదు. గట్టిగా లాగితే ముందు టైర్లు రెండూ పక్కలు మార్చి చూడండి, ఒకే దిశలో తిరిగే టైర్లైతే తప్ప. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది. స్టీరింగ్ వంకరగా నిలబడితే అదే పూట వెనక్కి వెళ్లండి. బుష్‌లు మార్చిన బండిని 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ మెషీన్ ఎక్కించి చూడాలి, అది ఉచితమో కాదో బిల్లు మీదే రాయించుకోండి.