సాల్మన్ చూడాలంటే ఎల్వా దాకా వెళ్లండి

సెప్టెంబరు నెలాఖరు వస్తే సియాటిల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదుల్లోకి వచ్చే సాల్మన్ చేపలు ఎక్కడ చూడొచ్చు? జవాబూ దాదాపు ఒకటే. ఇసాక్వాలోని హేచరీ, అంటే చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం, లేదంటే పడవల్ని సముద్రం నుంచి సరస్సుకు ఎక్కించే గేట్లున్న బాలర్డ్ లాక్స్. రెండూ ఉచితం, రెండూ దగ్గర. రాజమండ్రి నుంచి మా అత్తయ్యగారు వచ్చారు కాబట్టి ఆవిడనీ పిల్లల్నీ తీసుకుని ఆ రెండూ చూశాం. తర్వాత ఒలింపిక్ ద్వీపకల్పంలోని ఎల్వా నదికీ వెళ్లాం. చేపను దగ్గర్నుంచి చూడటమే కావాలంటే మొదటి రెండు చోట్లూ చాలు. పోయిన నది ఆ చేపకు మళ్లీ ఎలా దక్కుతుందో చూడాలంటే ఎల్వాకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

బాలర్డ్ లాక్స్‌లో సముద్రానికీ వాషింగ్టన్ సరస్సుకూ మధ్య చేపలు ఎక్కడానికి 21 మెట్లున్న ఫిష్ ల్యాడర్ ఉంది. ఇప్పుడున్నది 1976లో కట్టింది. కిందికి దిగితే గాజు అద్దాల అవతలే చేపలు ఈదుతూ కనిపిస్తాయి. సాల్మన్‌లో ఒక్కో రకానికి ఒక్కో కాలం: సాకై చేపలకు జులై, చినూక్‌కు ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు, ఆ తర్వాత కోహో. మేం అక్టోబరులో వెళ్లాం కాబట్టి అద్దాల దగ్గర చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. పెద్దవాళ్లకు నడక తక్కువ, పార్కింగ్‌కు మాత్రం డబ్బు కట్టాలి. అక్కడి బోర్డులు ఓపిగ్గా చదవండి. 1916లో కాలువ తవ్వినప్పుడు సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు పడిపోయింది, సరస్సు నుంచి బయటికి పారే బ్లాక్ రివర్ అనే నది ఎండిపోయింది. మామూలు నదీముఖంలో చేప ఉప్పునీటి నుంచి మంచినీటికి మెల్లగా అలవాటు పడుతుంది. ఇక్కడ ఆ వీలు లేదు, గేటు దాటగానే మంచినీళ్లే. వేసవిలో ఆ కాలువ నీళ్లు వేడెక్కడం చేపకు ఇంకో దెబ్బ.

ఇసాక్వా హేచరీ 1936లో కట్టింది. అక్టోబరులో వంతెన మీద నిలబడితే కిందే ఏట్లో పెద్ద పెద్ద చినూక్ చేపలు. వాలంటీర్లు పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబిస్తారు. అక్టోబరు మొదటి వారాంతంలో సాల్మన్ డేస్ పండగ జరుగుతుంది. జనం ఎక్కువ, కారు దూరంగా పెట్టుకోవాలి. చేపలే కావాలనుకుంటే మామూలు రోజు సాయంత్రం వెళ్లడం మేలు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి చోటు లేదు. కాకపోతే హేచరీ అంటే మనిషి చేతుల మీదుగా గుడ్లు పొదిగించి పిల్లల్ని వదలడం. అదొక్కటే సరిపోదని ఎల్వా కథ వింటే తెలుస్తుంది.

ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి కింగ్‌స్టన్‌లో దిగి, హుడ్ కెనాల్ మీది తేలే వంతెన దాటాలి. ఓడలకో జలాంతర్గాములకో దారి ఇవ్వడానికి ఆ వంతెన తెరుచుకుంటే చాలాసేపు ఆగాల్సి వస్తుంది, టైము చేతిలో ఉంచుకోండి. ఆ వంతెన మోసే కాంక్రీటు తెప్పలు నీళ్లలోకి పది అడుగులకు పైగా దిగి ఉంటాయి. సముద్రానికి పోయే స్టీల్‌హెడ్ (సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన చేప) పిల్లలు నీటి పైపొరలోనే ఈదుతాయి కాబట్టి వాటికి అదొక గోడ. అక్కడ తచ్చాడుతుండగా సీళ్లూ పక్షులూ తినేస్తాయి. వంతెన దాకా వచ్చినవాటిలో దాదాపు సగం అక్కడే పోతున్నాయని పరిశోధకులు తేల్చారు. ఇది తెలిశాక ఆ వంతెన మీద ప్రయాణం అంత తేలిగ్గా అనిపించలేదు.

బస పోర్ట్ ఏంజెలెస్‌లో పెట్టుకున్నాం. లేక్ క్రెసెంట్ లాడ్జ్ చాలా అందమైన చోటు, సరస్సు ఒడ్డునే ఉంటుంది. కానీ పాత ప్రధాన భవనంలోని గదులకు బాత్రూములు ఉమ్మడి, ఫోన్ సిగ్నల్ కూడా సరిగా ఉండదు. రాత్రి లేచే పెద్దవాళ్లతో అది కష్టం. జంటగా వెళ్లేవాళ్లయితే అదే తీసుకోండి, నెలల ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగిన మోటెల్లో హీటర్ చప్పుడుకు అత్తయ్యగారికి సరిగా నిద్ర పట్టలేదు. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉండటం వల్ల తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నంతో పని జరిగిపోయింది. శాకాహారులు ఏదో ఒకటి వెంట తెచ్చుకోవడమే మంచిది.

ఇక ఎల్వా. ఈ నది మీద సముద్రానికి 5 మైళ్ల లోపే 1910-13 మధ్య ఒక ఆనకట్ట కట్టారు. 1927లో ఇంకా పైన గ్లైన్స్ క్యాన్యన్‌లో 210 అడుగుల ఎత్తున మరొకటి లేచింది. రెండింటికీ చేపల మెట్లు లేవు. చేపకు దారి వదలాలని అప్పటికే రాష్ట్ర చట్టం ఉన్నా, మెట్లకు బదులు హేచరీ కడితే చాలని అధికారులు ఒప్పుకున్నారు. ఆ హేచరీని 1922లో వదిలేశారు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు చేపలు ఆనకట్ట కిందే ఆగిపోయాయి. ఈ నది ఒడ్డు ఆదివాసులైన లోయర్ ఎల్వా క్లాలం తెగవాళ్లు అమెరికా ప్రభుత్వంతో 1855 ఒప్పందంలో భూమి వదులుకుని చేపలు పట్టే హక్కు దక్కించుకున్నారు. హక్కు కాగితం మీద మిగిలింది, నదిలో చేప పోయింది. ఆనకట్టలు తీసేయడానికి దారి తెరిచిన 1992 చట్టానికి వాళ్ల పట్టుదలే ప్రాణం. 2011లో కూల్చడం మొదలుపెట్టి 2014లో పూర్తిచేశారు.

ఈ కథ చెబుతుంటే అత్తయ్యగారు, "మన పులసా అంతే కదమ్మా, సముద్రంలోంచి ఎర్రనీళ్లకు ఎదురీదుతూ వస్తుంది, ధవళేశ్వరం దగ్గర అడ్డం పడుతుంది" అన్నారు. పుస్తెలమ్మయినా పులస తినాలనే ఊళ్లో పెరిగిన మనిషి, ఆవిడకు విడమర్చి చెప్పాల్సిన పనే లేకపోయింది. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోతుంది, ఇక్కడి కోహో, చినూక్ గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం వదులుతాయి, అంతే తేడా. ఇంకొకటి కూడా చెప్పాలి. ఎల్వా ఆనకట్టలు పొలాలకు నీళ్లిచ్చినవి కావు, మిల్లులకు కరెంటిచ్చినవి. గోదావరి ఆనకట్ట మీద లక్షల ఎకరాలు ఆధారపడి ఉన్నాయి, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం. పులసకు దారి గురించి ఆలోచించడానికి మాత్రం అది అడ్డు కాకూడదు.

మాడిసన్ జలపాతం దగ్గర కారు ఆపాలి. జలపాతం దాకా చదునైన చిన్న దారి, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. అక్కడి నుంచి గ్లైన్స్ క్యాన్యన్ పాత ఆనకట్ట చోటు దాకా కార్లు పోవు, వరదల్లో నది రోడ్డును కోసేసింది. కాలినడకన ఒక వైపే మూడు మైళ్లు దాటుతుంది, మధ్యలో చుట్టుదారి ఏటవాలు. అత్తయ్యగారు, మా ఆయన కిందే ఉండిపోయారు, నేనూ పిల్లలూ వెళ్లాం. ఆనకట్ట మిగులు నీళ్లు వదిలే పాత స్పిల్‌వే మీద నిలబడి చూస్తే కింద ఇరుకు లోయలో నది, పైన ఆనకట్ట వెనక నిలిచిన ఒకప్పటి మిల్స్ సరస్సు అడుగంతా చెట్లు. మూడు లక్షలకు పైగా స్థానిక మొక్కలు నాటారు, లూపిన్ అనే పూలమొక్క గింజలు చల్లారు. రెండు ఆనకట్టల వెనక 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా మేట వేసిన మట్టీ ఇసుకా ఉండేవి. అందులో చాలా భాగం కొట్టుకుపోయి నదీముఖం దగ్గర సుమారు 100 ఎకరాల కొత్త ఒడ్డు ఏర్పడింది.

నన్ను అన్నిటికంటే కదిలించింది స్టీల్‌హెడ్ సంగతి. ఆనకట్టల వెనక చిక్కుకున్న చేపల సంతతి రెయిన్‌బో ట్రౌట్లుగా (సముద్రానికి పోకుండా ఉండిపోయే అదే జాతి చేపలుగా) అన్నేళ్లూ నదిలోనే బతికింది. దారి తెరుచుకున్నాక వాటి పిల్లలు మళ్లీ సముద్రానికి వెళ్లి, వేసవి స్టీల్‌హెడ్‌గా తిరిగొచ్చాయి. 2023 అక్టోబరులో క్లాలం తెగ సంప్రదాయంగా కోహో పట్టుకుంది, ఆనకట్టలు పోయాక అదే మొదటిసారి. అంతా అయిపోయిందని మాత్రం కాదు. తిరిగొచ్చే చినూక్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ హేచరీ నుంచి వచ్చినవే.

అంత దూరం నడవలేని వాళ్లకు సోల్ డక్ లోయలోని సాల్మన్ క్యాస్కేడ్స్ చెబుతాను. కారు దిగి కొద్ది అడుగులు వేస్తే చాలు, కోహోలు రాళ్ల మీది నీళ్లలోకి ఎగిరి దూకడం కనిపిస్తుంది. వాన పడిన మర్నాడు వెళ్లండి. పార్కు ప్రవేశానికి కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు పనికొస్తుంది. అత్తయ్యగారు అక్కడి చెక్క వేదిక మీద నుంచి కదలనే లేదు. ఒక చేప పడి, మళ్లీ ఎగిరి, మళ్లీ పడుతుంటే "ఎక్కు తల్లీ, ఎక్కు" అంటూ నిలబడ్డారు.

వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. టైర్లు అరిగి రాలే పొడిలోంచి పుట్టే 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనం వాననీళ్లతో వాగుల్లోకి చేరి కోహోలను చంపుతోందని 2020లో బయటపడింది. కాబట్టి వీలైతే రెండు కుటుంబాలు ఒకే కారులో వెళ్లండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు తెచ్చుకుంటే నీటి మెరుపు తగ్గి చేప స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల్ని, కుక్కల్ని లోతు లేని గులకరాళ్ల నీళ్లలోకి దిగనీయకండి. ఆడ చేప తోకతో రాళ్లు తవ్వి పెట్టిన గుడ్లు చలికాలమంతా ఆ రాళ్ల కిందే ఉంటాయి, పైనుంచి చూస్తే ఏమీ కనపడదు.