వెదర్ స్టేషన్ కొంటున్నారా? ‘లైఫ్‌టైమ్ హిస్టరీ’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

డాబా మీద వెదర్ స్టేషన్ పెట్టుకుని, పాత రికార్డులన్నీ సొంత వెబ్‌సైట్‌లో చూపించుకుందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సెన్సార్లు, వాటి అంకెలు అందుకుని చూపించే పెట్టె (కన్సోల్), రెడీమేడ్ వెబ్‌సైట్ అన్నీ కలిపి ప్యాకేజీగా 24,500 రూపాయలు పెట్టి కొన్నాను. వస్తువుకు వంక పెట్టను, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. పోయింది రికార్డులు. అసలు నేను కొన్నదే వాటి కోసం.

నేనుండేది హన్మకొండలో. మా ఊరు పరకాల దగ్గర, అక్కడ బాపు ఇంకా పత్తి, మిర్చి వేస్తున్నాడు. స్టేషన్‌ను ఊళ్లో ఇంటి డాబా మీద పెట్టించాను, 2022 జూన్‌లో, మృగశిర కార్తె మొదలైన వారానికి. పత్తి గింజ పెట్టాలంటే పదును ఎంత దిగిందో తెలియాలి. బాపు ఫోన్ చేసి “రాత్రి ఎంత పడ్డదిరా?” అంటే ఇక్కడ కూర్చుని అంకె చెప్పొచ్చని ఒక సరదా. దానికి మించిన ఆశ ఇంకొకటి ఉండేది: కార్తెల వారీగా వాన లెక్క. ఈ ఏడు మృగశిరలో ఎంత, ఆరుద్రలో ఎంత, పోయినేడు ఇదే కార్తెలో ఎంత అని ఒక పేజీ తయారు చేయాలని. జూన్, జులై అని నెలల లెక్క చెబితే మా ఊళ్లో వినేవాళ్లు తక్కువ. కార్తె లెక్క కట్టాలంటే ఏ రోజు వాన ఆ రోజుకు విడిగా ఉండాలి. అమ్మినతన్ని అదే అడిగాను. “ఎన్నేళ్లు వెనక్కి పోయినా కనిపిస్తుంది సార్” అన్నాడు. ప్రకటనలోనూ పెద్దక్షరాలతో ‘లైఫ్‌టైమ్ హిస్టరీ’ అనే ఉంది.

2023 జులై 26 రాత్రి ఈ వైపు వాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. తెల్లారేసరికి మోరంచపల్లి నీళ్లలో మునిగింది. 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ., భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. నమోదైంది. అంతకు ముందు తెలంగాణలో పెద్ద రికార్డు 2013 జులైలో వాజేడులో పడ్డ 517.5 మి.మీ. వాతావరణ శాఖ 204.5 మి.మీ. పడితేనే ‘అత్యంత భారీ’ అంటుంది, ఇది దానికి మూడింతలు. ఆ రాత్రి ఊళ్లో కరెంటు పోయినా ఇన్వర్టర్ పుణ్యమా అని రౌటర్ ఆగలేదు. నేను నిద్రపోకుండా ఐదు నిమిషాలకోసారి పేజీ రిఫ్రెష్ చేస్తూ, మధ్యమధ్య బాపుకు ఫోన్ చేస్తూ కూర్చున్నాను.

ఏడాది తిరిగాక, 2024 జులైలో, ఆ రాత్రి గ్రాఫ్ ఊళ్లో వాళ్లకు చూపిద్దామని వెబ్‌సైట్ తెరిచి తేదీ నొక్కాను. ఖాళీ. ముందు రోజు నొక్కాను, ఖాళీ. 2023 జులై మొత్తానికి కలిపి ఒక్క అంకె మిగిలింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే చాలా మామూలుగా చెప్పాడు: ఐదు నిమిషాలకోసారి నమోదయ్యే డేటా 90 రోజులే ఉంచుతారట, తర్వాత రోజువారీ లెక్క, ఏడాది దాటితే నెల మొత్తం మాత్రమే. “ప్రీమియం తీసుకోండి సార్, ఇకనుంచి వచ్చేది అంతా ఉంచుతాం.” మరి పోయింది? “అది రాదు సార్.” ఆ రాత్రిది ఇప్పుడు నా దగ్గరున్నది ఫోన్‌లో 11:40కి తీసిన స్క్రీన్‌షాట్ ఒక్కటే. అప్పటికి వాన సగం కూడా పడలేదు.

అడిగిన రోజు నుంచి మిగతా లొసుగులు కూడా ఒక్కొక్కటే కనబడ్డాయి. 2023 ఏప్రిల్‌లో మా తమ్ముని కొడుకు డాబా ఎక్కి, వాన కొలిచే గరాటు నిండా పిట్టల రెట్ట ఉందని అరమగ్గు నీళ్లు పోసి కడిగాడు. పిల్లవాడి తప్పేం లేదు, మంచి పనే చేశాడు. లోపల చిన్న తొట్టి 0.2 మి.మీ. నిండినప్పుడల్లా ఒకసారి ఒరుగుతుంది, కన్సోల్ ఒరిగిన ప్రతిసారీ లెక్కేసుకుంటుంది. అలా మండుటెండలో 38 మి.మీ. వాన నమోదైంది. దాన్ని తీసేయమని అడిగితే పాత అంకెలు దిద్దే సౌకర్యం లేదన్నారు. ఇప్పుడు రోజువారీ లెక్క కూడా పోయింది కాబట్టి ఏప్రిల్ మొత్తంలో ఆ అరమగ్గు శాశ్వతంగా కలిసిపోయింది.

ఇంకో సంగతి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చలికాలం రికార్డుల్లో ఎప్పుడూ రెండేసి రోజులు వరుసగా ఒకేలా చల్లగా ఉండేవి. కారణం చూస్తే నవ్వొచ్చింది. వాళ్ల సర్వర్ రోజును మన అర్ధరాత్రికి కాకుండా గ్రీన్‌విచ్ అర్ధరాత్రికి మారుస్తోంది, అంటే మనకు తెల్లవారుజామున 5:30. జనవరిలో చలి బాగా ఉండేది సరిగ్గా ఆ సమయం నుంచి పొద్దు పొడిచే దాకా. 5:29 నాటి చలి నిన్నటి ఖాతాలో, 6:15 నాటి చలి నేటి ఖాతాలో పడుతుంది. ఒక్క పొద్దటి చలికి రెండు రికార్డులు! వాన సంగతీ అంతే. మన వాతావరణ శాఖ రోజువారీ వానను ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కిస్తుంది. 5:30కి తెగ్గొట్టిన అంకెను పేపర్లో వచ్చిన మండలం లెక్కతో పోల్చి లాభం లేదు.

డాబా స్లాబు వేడికి మేలో నా స్టేషన్ ఊరందరికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించేది. అది మాత్రం వాళ్ల మీద వేయను, పెట్టిన చోటు నాది.

కొనేవాళ్లు లైవ్ పేజీ చూసి మురిసిపోవద్దు, అది ఎవరైనా చూపిస్తారు. అమ్మేవాణ్ని పాత కస్టమర్ వెబ్‌సైట్ ఒకటి తెరవమనండి. రెండేళ్ల కిందటి ఏదో ఒక రోజు మీరే చెప్పండి. ఆ రోజు ఐదు నిమిషాల అంకెలు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా దిగితే సరే, దిగకపోతే లైఫ్‌టైమ్ ఎంత కాలమో తేలిపోతుంది. రోజు ఏ గంటకు మారుతుందో, తప్పు అంకెను దిద్దుకోవచ్చో లేదో అప్పుడే అడగండి. కన్సోల్ సెట్టింగుల్లో ‘కస్టమ్ సర్వర్’ అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. అదుంటే డేటా వాళ్ల క్లౌడ్‌కు పోతున్నా, ఒక కాపీ మీ ఇంట్లోని కంప్యూటర్‌కూ వస్తుంది.

నాకు అది ఉన్న సంగతి రెండేళ్లు తెలియలేదు. ఇప్పుడు పాత లాప్‌టాప్‌లో వీ-వెక్స్ (WeeWX) అనే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను, ఉచితమే. స్టేషన్ పంపే డేటాను ఐదు నిమిషాలకో వరుస చొప్పున నా సొంత ఫైల్‌లో రాస్తుంది, ఏడాదికి 1,05,120 వరుసలు. ఎవరి పెళ్లి వీడియో పక్కన పెట్టినా ఆ ఫైల్ చిన్నదే. అంత దాన్ని దాచిపెట్టడానికి ఏటా సబ్‌స్క్రిప్షన్ అడిగారంటే ఏమనాలి! విండోస్ అలవాటున్న వాళ్లకు ఇలాంటిదే క్యుములస్ ఎంఎక్స్ (Cumulus MX) అనే సాఫ్ట్‌వేర్ సులువు. రోజుకో వరుస ఉండే ‘డేఫైల్’ అందులో ఉంటుంది, తప్పుంటే తెరిచి దిద్దుకోవచ్చు. రోజును అర్ధరాత్రికి మార్చాలో ఉదయం 9కి మార్చాలో కూడా మనమే ఎంచుకోవచ్చు.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొని ఉంటే ఈ రాత్రే కూర్చోండి. మొత్తం డేటా ఒకేసారి దిగదు, నాకైతే ఒక్కో రోజు పేజీ తెరిచి కాపీ చేసుకోవాల్సి వచ్చింది, మూడు రాత్రులు పట్టింది. 90 రోజుల హద్దుకు దగ్గరగా ఉన్న తేదీల నుంచి మొదలుపెట్టండి, ముందు పోయేవి అవే.