సింగిల్ సిలిండర్ బైక్‌కి ఫ్లైవీల్ బ్యాలెన్సింగ్: ఇంజిన్ విప్పేంత పనేనా?

బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివరి బేరింగు) పోయి ఇంజిన్ ఎలాగూ విప్పాల్సి వస్తే ఫ్లైవీల్ బ్యాలెన్సింగ్ చేయించకుండా తిరిగి బిగించొద్దు. బాగా నడుస్తున్న ఇంజిన్‌ని అదురు తగ్గించడం కోసమే విప్పించడం మాత్రం వద్దు. ఇక్కడ ఫ్లైవీల్ అంటే పక్క కవర్ తీస్తే కనిపించే మాగ్నెట్ కాదు. క్రాంక్‌కేసు లోపల, కనెక్టింగ్ రాడ్‌కి అటూ ఇటూ క్రాంక్‌పిన్‌తో కలిపి నొక్కి బిగించిన రెండు బరువైన చక్రాలు. పిస్టన్‌ని వీటికి కలిపేది కనెక్టింగ్ రాడ్, దాని కింది చివర తిరిగే ఇరుసు క్రాంక్‌పిన్. ఈ చక్రాలు, పిన్, పక్క షాఫ్టులు కలిసిందే క్రాంక్.

ఈ పనితో అదురు పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పిస్టన్‌తో పాటు పైకీ కిందికీ కదిలే బరువు 400 గ్రాములు, స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందిదాకా కదిలే దూరం) 90 మి.మీ. అనుకుందాం. 5,000 ఆర్‌పీఎం దగ్గర ఆ బరువు ఇంజిన్‌ని లాగే బలం సుమారు 4,900 న్యూటన్లు, అంటే దాదాపు 500 కిలోల బరువు వేలాడదీసినంత. వేగం సగానికి తగ్గితే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. దీన్ని ఆపడానికి ఫ్లైవీల్‌లో క్రాంక్‌పిన్‌కి ఎదురుగా బరువు ఉంచుతారు. కానీ పిస్టన్ నిలువుగానే కదులుతుంది, ఎదురు బరువేమో గుండ్రంగా తిరుగుతుంది. నిలువు అదురు మొత్తం చంపేంత బరువు పెడితే అదే అదురు ముందుకీ వెనక్కీ తేలుతుంది. అందుకే కదిలే బరువులో 50 నుంచి 70 శాతం వరకే లెక్కలోకి తీసుకుంటారు. దీన్నే బ్యాలెన్స్ ఫ్యాక్టర్ అంటారు. 60 శాతం పెడితే పై లెక్కలో 200 కిలోల బలం సిలిండర్ వెంట, 300 కిలోల బలం దానికి అడ్డంగా మిగులుతుంది. ఏ దిశను ఫ్రేమ్ బాగా తట్టుకుంటుందో, బండిని ఎక్కువగా ఏ వేగంలో నడుపుతారో చూసి ఈ శాతం ఎంచుకోవాలి. క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే సన్నటి అదురు ఎలాగూ ఉంటుంది, దాన్ని ఫ్లైవీల్‌తో తీయలేం.

షాపు మంచిదో కాదో మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. మీరు వేయబోయే పిస్టన్, రింగులు, పిన్, పిన్ లాకులు అన్నీ తెమ్మని అడగాలి. క్రాంక్ ఒక్కటే తీసుకుని పంపేస్తే అక్కడ పని చేయించకండి. గ్రాము వరకు చూపే త్రాసు మీద ఒక్కొక్కటీ తూచాలి. రాడ్ చిన్న చివరను విడిగా తూచేటప్పుడు రాడ్ సమంగా పడుకుని ఉండాలి, పెద్ద చివర అదే ఎత్తులో ఆని ఉండాలి. రాడ్ కాస్త వాలినా అంకె తప్పుతుంది. ఉదాహరణకి పిస్టన్ 232, రింగులు 20, పిన్ 64, లాకులు 2, రాడ్ చిన్న చివర 82, మొత్తం 400 గ్రాములు. ఇందులో 60 శాతం అంటే 240. కింద చెప్పే పరీక్షలో రాడ్ చివర 82 ఎలాగూ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి దానికి కట్టాల్సిన బరువు 158 గ్రాములు. ఈ 82ని తీసివేయడం మర్చిపోయేవాళ్లున్నారు. అలా చేస్తే ఫ్యాక్టర్ 80 దాటిపోతుంది.

పిస్టన్ మార్చినప్పుడు ఈ లెక్క మళ్లీ చేయాలని చాలామందికి తట్టదు. అదే క్రాంక్‌లో 50 గ్రాములు తేలికైన పిస్టన్ వేస్తే కదిలే బరువు 350 అవుతుంది, ఎదురు బరువు 240 దగ్గరే ఉంటుంది. ఫ్యాక్టర్ దాదాపు 69కి చేరుతుంది. తేలిక పిస్టన్ వేశాక అదురు పెరిగిందని వాపోయేవాళ్ల బండ్లలో చాలాసార్లు జరిగేది ఇదే.

బ్యాలెన్సింగ్ కంటే ముందు క్రాంక్ అలైన్‌మెంట్ కావాలి, అంటే రెండు షాఫ్టులూ ఒకే వరసలో ఉండాలి. సెంటర్ల మధ్య క్రాంక్ పెట్టి రెండు షాఫ్టుల మీదా డయల్ గేజ్ (వంకరని ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి తిప్పుతారు. మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితే ప్రమాణం. అయినా చేయి తిరిగినవాళ్లు 0.02 మి.మీ. దాకా తెస్తారు. ముల్లు ఎక్కువ చూపే చోటు క్రాంక్‌పిన్‌కి అడ్డంగా ఉంటే ఒక చక్రం రెండోదాని మీద కాస్త తిరిగిందన్నమాట, రిమ్ మీద రాగి సుత్తితో కొట్టి సరిచేస్తారు. పిన్ వరసలోనే ఉంటే చక్రాలు ఒక పక్క మూసుకున్నాయి లేదా విచ్చుకున్నాయి. అప్పుడు పిన్‌కి ఎదురువైపు వెడ్జ్ దిగ్గొట్టి గానీ క్లాంపుతో నొక్కి గానీ సరిచేయాలి. షాఫ్ట్ మీద నేరుగా సుత్తి వేసేవాళ్లకి క్రాంక్ ఇవ్వొద్దు.

అసలు పరీక్ష చూడ్డానికి చాలా ప్రశాంతంగా ఉంటుంది. స్పిరిట్ లెవెల్‌తో సమం చేసిన రెండు ఉక్కు అంచుల మీద క్రాంక్ పెట్టి, రాడ్‌కి బరువు కట్టి వదిలేస్తారు. చక్రం మెల్లగా దొర్లి, కొంచెం వెనక్కి ఊగి, బరువైన వైపు కిందకి వచ్చి ఆగుతుంది. ఏ స్థితిలో ఉంచితే ఆ స్థితిలోనే కదలకుండా నిలబడితే పని అయినట్టు. అంచులకి బదులు గ్రీజున్న పాత బేరింగుల మీద తిప్పితే ఆ పట్టు కొన్ని గ్రాముల తేడాని మింగేస్తుంది.

ఎదురు బరువు వైపు దిగితే అటు రిమ్ దగ్గర డ్రిల్ వేస్తారు. ఉక్కులో 10 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. లోతు రంధ్రం సుమారు 6 గ్రాములు తీస్తుంది. అది కేంద్రం నుంచి 60 మి.మీ. దూరంలో ఉంటే, 45 మి.మీ. దూరంలో ఉన్న క్రాంక్‌పిన్ దగ్గర 8 గ్రాములతో సమానం. రెండు చక్రాల్లోనూ సమానంగా తీయాలి. ఒక్క చక్రంలోనే తీస్తే ముందు లేని పక్క ఊపు కొత్తగా మొదలవుతుంది. క్రాంక్‌పిన్ వైపు దిగితే ఆ వైపు తేలిక చేయాలి, లేదా ఎదురువైపు టంగ్‌స్టన్ మిశ్రమం దిమ్మలు నొక్కి పెట్టాలి. ఆ దిమ్మల అంచులు పొడిచి బిగించకపోతే తిరిగే వేగానికి ఊడి క్రాంక్‌కేసునే పగలగొడతాయి. పిన్ రంధ్రానికి మరీ దగ్గరగా డ్రిల్ వేస్తే పిన్ పట్టు సడలుతుంది, ఆ తప్పుకి మందు లేదు. పనయ్యాక ఆయిల్ దారులన్నీ గాలి కొట్టి శుభ్రం చేశారా, అలైన్‌మెంట్ మళ్లీ చూశారా అని అడగండి.

సన్నటి సింగిల్ సిలిండర్ క్రాంక్‌కి ఈ స్టాటిక్ పద్ధతి చాలు, క్రాంక్‌ని వేగంగా తిప్పుతూ కొలిచే డైనమిక్ మెషీన్ తప్పనిసరి కాదు. క్రాంక్‌పిన్లు 180 లేదా 270 డిగ్రీల తేడాతో ఉన్న ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్లకి మాత్రం అది కావాలి. బ్యాలెన్సర్ షాఫ్ట్ (అదురు తగ్గించడానికి గేర్లతో తిరిగే అదనపు బరువు షాఫ్ట్) ఉన్న ఇంజిన్‌లో ఫ్యాక్టర్ ముట్టుకోవద్దు. అక్కడ ఎదురు బరువు సగం పని చేస్తుంది, మిగతాది షాఫ్ట్ చూసుకుంటుంది. ఆ బండి అదురుతుంటే ముందు బ్యాలెన్సర్ గేర్ల గుర్తులు కలిశాయో లేదో చూడండి. ఒక్క పన్ను తప్పినా తేడా చేతికి తెలుస్తుంది.

ఏ బండికైనా ఇంజిన్ దించే ముందు మౌంటింగ్ బోల్టులు, హెడ్ స్టే (సిలిండర్ హెడ్‌ని ఫ్రేమ్‌కి కట్టే పట్టీ), మెయిన్ బేరింగుల ఆట, ఇగ్నిషన్ టైమింగ్ చూడాలి. ఫ్రేమ్‌కి అదురు చేరే దారి అంత ముఖ్యం. 1967లో వచ్చిన నార్టన్ కమాండో ఇంజిన్ అదురును అలాగే ఉంచి, రబ్బరు మౌంటింగులతో దాన్ని ఫ్రేమ్‌కి చేరకుండా ఆపింది.

క్రాంక్ చేతికి వచ్చేటప్పుడు విడి బరువులు, కట్టిన బరువు, ఫ్యాక్టర్, షాఫ్టుల గేజ్ రీడింగులు రాసిచ్చిన కాగితం కూడా తీసుకోండి. రేపు పిస్టన్ మార్చాల్సి వస్తే, కొత్తదాన్ని ఎంత బరువుకి తేవాలో ఆ కాగితం చూసే తేల్చుకోవాలి.