థికెనర్ పొడి: నీళ్ల వరకు నూటికి నూరు, మాత్ర దగ్గరే పేచీ

నీళ్లు తాగితే అమ్మకి పొలమారుతోందని, నీళ్లని చిక్కగా చేసే ఈ పొడి మొదలుపెట్టాం. ఏడాది దాటింది. ఎలా కలపాలో డబ్బా మీదే ఉంటుంది, అది వదిలేస్తున్నా. నాకు బాగా నచ్చింది ఒకటే: కలిపి పెట్టిన గ్లాసు గంట తర్వాత చూసినా అదే చిక్కదనం. అంతకుముందు వాడిన స్టార్చ్ పొడి పక్కన పెడితే ముద్దయ్యేది, నోట్లోకి వెళ్లాక లాలాజలం తగిలి మళ్లీ పలచబడేది. ఇది శాంతన్ గమ్ అనే జిగురు రకం, ఆ గొడవ లేదు. 10 ఎంఎల్ సిరంజిలో నింపి 10 సెకన్లు కిందికి కారనిస్తే 4 నుంచి 8 ఎంఎల్ మధ్య మిగలాలని, మింగడంలో ఇబ్బందులు కూడా చూసే స్పీచ్ థెరపిస్టు చెప్పారు. కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఇప్పటికీ చూస్తాను. దగ్గు బాగా తగ్గింది.

పేచీ థైరాయిడ్ మాత్రతో వచ్చింది. పరగడుపున వేసే లెవోథైరాక్సిన్ కూడా ఈ చిక్కటి నీళ్లతోనే ఇచ్చేవాళ్లం. హాయిగా జారిపోయేది. కొన్ని నెలలకి అమ్మ మళ్లీ మందకొడిగా అయింది, గొంతు బొంగురుపోయింది, గుటక ఇంకా నెమ్మదించింది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగేది) చూస్తే పెరిగి ఉంది. మాత్ర ఒక్కరోజూ తప్పలేదే అని ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టర్ వెంటనే డోసు పెంచలేదు, మాత్ర దేనితో ఇస్తున్నారని అడిగారు. చిక్కటి జిగురు చుట్టూ పట్టుకుంటే మాత్ర విడిపోయి కరగడం ఆలస్యం కావచ్చట. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే గొంతు కండరాలు నీరసించి మింగడం కష్టమవుతుంది. మింగడానికని వాడే పొడేమో ఆ మందుకే అడ్డం! ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు. ఉండలు కట్టకుండా కలపడం బొమ్మలతో సహా వేసినవాళ్లకి ఇంకో లైను బరువైందా?

ఇప్పుడు స్పీచ్ థెరపిస్టు సరేనన్నాక, మాత్ర నలిపి ఒక చెంచా మామూలు నీళ్లలో కలిపి, అమ్మని నిటారుగా కూర్చోబెట్టి వెంటనే ఇచ్చేస్తున్నాం. పొడి కలిపిన నీళ్లు గంట ఆగాకే. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ దిగింది. అయితే అప్పుడే కాల్షియం మాత్ర కూడా 4 గంటలు ఆగి వేయమన్నారు కాబట్టి నేరమంతా పొడి మీద వేయలేను.

అమ్మ కోసమైతే మళ్లీ ఇదే కొంటాను. ఆవిడది కండరాల నీరసం, పలచటివి తాగితేనే పొలమారేది. మా పెద్దమ్మకి అలా కాదు, థైరాయిడ్ గడ్డ పెరిగి అన్నవాహికని నొక్కుతోంది. నీళ్లు బాగానే దిగుతాయి, గట్టి పదార్థాలే అడ్డుపడతాయి. ఆవిడకీ ఒక డబ్బా తెచ్చిచ్చాం, ఏ ఉపయోగమూ లేదు. అదీ ఇప్పుడు అమ్మకే వాడుతున్నాం.