గుంతా, డ్రమ్మా, వానపాముల తొట్టా: మన తిరుపతి ఎండకు ఏది మేలు?

ఇంటి చెత్తతో ఎరువు చేసుకోవాలంటే, ఇంటి తోట మొదలుపెట్టిన వాళ్ళు ముందు వానపాముల మీదే పడతారు. ఎరువు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఎర్ర వానపాములకు 20 నుంచి 30 డిగ్రీలే హాయి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది. తొట్టిలోపల 35 దాటితే పాములు గోడలెక్కి పారిపోతాయి, లేకుంటే చచ్చి కంపు కొడతాయి. కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఎరువు నాణ్యం కాదు, నీడ.

పెరట్లో వేపో మామిడో ఉండి పగలంతా నీడ పడితే వానపాములు పెట్టుకోవచ్చు. అడుగున్నర లోతు తొట్టి, చదరపు మీటరుకు కిలో పాములు, పైన తడి గోనెపట్ట. పచ్చిపేడ వేస్తే లోపల వేడి పుట్టి పాములు చస్తాయి, 15-20 రోజులు మాగిన పేడే వేయాలి. నిమ్మ తొక్కలు, ఊరగాయ, చింతపండు పిప్పి అసలు వద్దు. చీమలు పడితే మందు చల్లకండి, పాములూ పోతాయి. తొట్టి కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చాలు. ఈ తొట్టిలో గింజలు చచ్చేంత వేడి పుట్టదు కాబట్టి చెత్తలోని టమాటా గింజలు బతికే ఉంటాయి. ఎరువు వేసిన ప్రతి కుండీలో టమాటా నారు లేస్తుంది.

గుంతకు ఖర్చు లేదు, చాకిరీ లేదు. మూడడుగుల గుంత తవ్వి ఆకులూ చెత్తా పేడా పొరలుగా వేసి తడిపితే నాలుగైదు నెలలకు ఎరువు. చిక్కంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఈశాన్య రుతుపవనాల వానలకు గుంత నిండి కుళ్ళుతుంది, సారం నీళ్ళతో కిందికి దిగిపోతుంది. ఆ మూడు నెలలూ నేల మీదే కుప్ప పోసి పట్ట కప్పండి.

మిద్దె తోటకు మాత్రం డ్రమ్మే. 50 లీటర్ల డ్రమ్ముకు చుట్టూ జానెడుకొక చిటికెన వేలంత రంధ్రం, అడుగున ఐదారు. రెండు ఇటుకల మీద నీడలో పెట్టి, అడుగున మూడంగుళాల కొబ్బరిపీచు పరవండి. ఒక డబ్బా కూరగాయల తొక్కలకు రెండు డబ్బాల ఎండుటాకులు. మన పక్క చెనక్కాయ పొట్టు సులభంగా దొరుకుతుంది గానీ అది గట్టిది, ఒక పట్టాన కుళ్ళదు. రాత్రంతా నానబెట్టి, సగం పొట్టు, సగం ఆకులు కలపండి. తోడుకు గుప్పెడు పాత ఎరువు, లేదా అరగ్లాసు పుల్లమజ్జిగ. పూజ పూల దండలు వేసేటప్పుడు దారం తీసేయండి, ప్లాస్టిక్ దారమైతే ఎన్నాళ్ళైనా అలాగే ఉంటుంది.

వారానికి రెండుసార్లు కలియబెట్టి, పిడికెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిపోయినట్టు. ధారగా కారితే ఎండుటాకులు వేయాలి, పొడిపొడిగా రాలితే నీళ్ళు చల్లాలి. వేసవిలో ఇలా పొడిబారడమే ఎక్కువ. ముక్కు పగిలే ఘాటు వాసనొస్తే పచ్చి చెత్త ఎక్కువైనట్టు, మురుగు కంపొస్తే గాలాడనట్టు. తెల్ల పురుగులు కనబడితే హడలిపోవద్దు, అవీ చెత్త తినేవే. పైన రెండంగుళాల ఎండుటాకులు కప్పితే ఈగలు వాలవు. మామిడి తొక్కలు వచ్చే కాలంలో ఈ కప్పు ఇంకా మందంగా ఉండాలి.

డ్రమ్ము నిండాక చెత్త ఆపేసి రెండోది మొదలుపెట్టండి. మొదటిది రెండు నెలల్లో నల్లగా మట్టివాసనతో తయారవుతుంది. జల్లించి, రెండు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు ఎరువు కలపండి. ఎర్రమట్టిలో నీళ్ళు నిలవవు, ఆ తేమను పట్టి ఉంచేది ఈ ఎరువే. తొందరపడి సగం మాగింది వేస్తే అది కుళ్ళడానికే మట్టిలోని నత్రజని లాక్కుంటుంది, మొక్క ఆకులు పసుపెక్కుతాయి. అనుమానముంటే తడి ఎరువు గుప్పెడు కవర్లో కట్టి రెండురోజులు ఉంచి విప్పండి. పులిసిన వాసనొస్తే ఇంకో పదిహేను రోజులు డ్రమ్ములోనే ఉంచాలి.