పుచ్చిన మామిడి కర్రతో గిన్నెలు: ఏళ్ల తరబడి తిప్పాక, వాడాక

పుచ్చు పట్టిన కర్రను లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద గిన్నెగా తిప్పొచ్చా అంటే, తిప్పొచ్చు. మంచి కర్రతో రాని అందం కూడా వస్తుంది. కానీ జిగురు పోస్తే ఎంత కుళ్లిన మొద్దైనా దారికొస్తుందని వీడియోల్లో చెప్పే మాట నమ్మకండి. నన్నడిగితే జిగురు చేసే మేలు పావు వంతు. మిగతా ముప్పావూ మొద్దు ఎంపికలో, గౌజ్ (తిరిగే కర్రను చెక్కే వంపు ఉలి) పదునులో ఉంది.

మాది విశాఖ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో ఎటు చూసినా కూలిన చెట్లే. అప్పుడు కొన్ని మామిడి దుంగలు తెచ్చి పెరట్లో పడేశాను. లేత్ కొనేలోపు వానలకీ, ఈ సముద్రపు తేమకీ వాటిలో బూజు పాకింది. కోసి చూస్తే పాలిపోయిన కర్రలో సన్నటి నల్ల గీతలు. ఒకే కర్రలో రెండు మూడు రకాల శిలీంధ్రాలు చేరితే, ఒకదాని జాగాలోకి ఇంకొకటి రాకుండా కట్టుకునే సరిహద్దులవి. దీన్నే స్పాల్టింగ్ అంటారు. అమెరికాలో మెల్విన్ లిండ్‌క్విస్ట్, ఆయన కొడుకు మార్క్ 1970ల నాటికే ఇలాంటి కర్రతో గిన్నెలు చేసి పేరు తెచ్చుకున్నారు. మా దగ్గరలోని ఏటికొప్పాకలో లెక్క వేరు. అక్కడ అంకుడు కర్ర, అదీ మచ్చ లేనిది కావాలి. తిరిగే కర్రకు లక్క బిళ్ల ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టాలి కదా. అక్కడి పెద్దాయన ఒకరు నా మొద్దు చూసి "ఇది పొయ్యిలోకి బాబూ" అన్నారు. లక్క పనికైతే ఆయన మాట కరెక్టే.

ఎంపిక సంగతి. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూస్తాను. గంటు పడితే పర్లేదు. గోరు లోపలికి దిగి పొడి రాలితే ఆ భాగం కోసి పారేయాలి. చక్ (లేత్‌లో మొద్దును బిగించే భాగం) పట్టుకునే చోట మాత్రం కొంచెం మెత్తదనం ఉన్నా ఒప్పుకోను. అలాంటి మొద్దుకు అడుగున గట్టి కర్ర ముక్క అతికించి దాన్నే చక్‌లో బిగిస్తాను. అంచు నుంచి అడుగు దాకా పగులు ఉంటే దాన్ని లేత్ ఎక్కించనే ఎక్కించను.

కర్రలో తేమ 20 శాతం లోపుకు దిగితే బూజు పని ఆగిపోతుంది. అంతకుముందే మనం అందుకోవాలి. గీతలు బాగా వచ్చాయనిపించగానే గిన్నెను రఫ్‌గా తిప్పి, మందం వ్యాసంలో పదో వంతు ఉంచి, అంటే 10 అంగుళాల గిన్నెకు ఒక అంగుళం, కాగితం సంచిలో పెట్టి నెలల తరబడి ఆరనిస్తాను. ఇంకా అందం వస్తుందని ఇంకో వానాకాలం ఆగితే చేతికి వచ్చేది పొట్టే.

అసలు పరీక్ష చివరి కోతలో ఉంటుంది. గిన్నె ఒక్క చుట్టు తిరిగేలోపు గౌజ్‌కు కర్ర నార రెండుసార్లు ఎదురొస్తుంది. మంచి కర్రయితే పక్క నార ఆసరాగా నిలబడుతుంది, కోత శుభ్రంగా వస్తుంది. పుచ్చిన చోట ఆ ఆసరా ఉండదు కాబట్టి నార తెగదు, కుదుళ్లతో సహా ఊడొస్తుంది. గిన్నె లోపల ఎదురెదురుగా రెండు మచ్చల్లో, బన్ను చింపినట్టు గరుకుగా గుంటలు పడతాయి. ఎమరీ పేపర్‌తో ఇవి పోవు. గట్టిగా రుద్దితే మెత్తటి చోటే ముందు అరిగిపోతుంది, నల్ల గీతలు గట్టివి కాబట్టి గట్లలా లేచి నిలబడతాయి.

నేను చేసేది ఇది. ముందు గిన్నె అంతటికీ పల్చగా షెల్లాక్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) పూత. ఈ పూత లేకుండా జిగురు వేస్తే మరక కర్రలోకి పాకి ఎప్పటికీ పోదు. అది ఆరాక మెత్తటి చోట మాత్రమే పల్చటి ఇన్‌స్టంట్ జిగురు, నీళ్లలా జారే రకం. త్వరగా ఆరాలని యాక్టివేటర్ స్ప్రే కొడితే తెల్లగా నురగ కడుతుంది, అందుకే దాని జోలికి పోను. కారిన జిగురును నూలు గుడ్డతో తుడవకండి, వేడెక్కి పొగ వస్తుంది. ఆ ఘాటుకు కళ్లు మండుతాయి, ఫ్యాన్ మీ వెనక నుంచి వీచేలా పెట్టుకోండి. గట్టిపడ్డాక గౌజ్‌ను మళ్లీ పదును పెట్టి, పల్చటి కోతలు రెండు మూడు. పదును కొత్తగా పెట్టకపోతే ఈ తతంగమంతా దండగ.

ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పురుగు బెజ్జాలకు, పగుళ్లకు బాగుంది. మెత్తటి కర్రను గట్టిపరుస్తుందని కొంటే డబ్బులు దండగ. చిక్కగా ఉంటుంది, లోపలికి ఇంకదు. కాఫీ పొడి కలిపి నింపితే మామిడి రంగులో కలిసిపోతుంది.

భద్రత విషయంలో బేరం లేదు. వ్యాసం అంగుళాల్లో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలని ఒక పాత లెక్క. 10 అంగుళాలకు 600 నుంచి 900 అన్నమాట. పుచ్చు కర్రకు నేను ఆ కింది అంకె కూడా దాటను. ముఖమంతా కప్పే షీల్డ్ ఉండాలి, లేత్ ఆన్ చేసేటప్పుడు గిన్నెకు ఎదురుగా నిలబడకూడదు. ఎన్95 మాస్క్ తప్పనిసరి, ఆ పొట్టులో సన్నటి ధూళితో పాటు బూజు కూడా ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ కర్ర జోలికి రాకపోవడమే మంచిది. మామిడి సొన పడనివాళ్లకు పచ్చి కర్ర తిప్పినా దురద రావచ్చు.

ఇక గిన్నెలు ఎలా ఉన్నాయంటే, జీడిపప్పుకు, తాళంచెవులకు వాడుతున్నవి ఇప్పటికీ బాగున్నాయి. నల్ల గీతలు చెక్కు చెదరలేదు. మొదట్లో ఉన్న లేత గులాబీ ఛాయ మాత్రం గోధుమ రంగులోకి దిగిపోయింది. జిగురు తాగిన చోట్ల చివర్లో పట్టించిన నూనె ఇంకలేదు, వెలుతురు పక్కనుంచి పడితే మచ్చ తెలుస్తుంది. మా చెల్లి ఒకదాంట్లో నిమ్మకాయలు కడిగి తడితోనే వేసేది, ఆ గిన్నె అడుగు నల్లబడింది. పెరుగుకో పులుసుకో ఇవి పనికిరావు.

పెద్ద తలనొప్పి పురుగు. బయటి తెల్ల కర్రలో పిండి పదార్థం ఉంటుంది, పురుగు దాని కోసమే వస్తుంది. అల్మారాలో గిన్నె కింద మైదాలాంటి పొడి కనిపిస్తే అది పురుగే. ఇప్పుడు రఫ్ గిన్నెలను ఆరబెట్టే ముందు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడుతున్నాను. అలా చేసినవి అలంకారానికే, తినే వస్తువులు వేయను.

కొత్తగా లేత్ పట్టినవాళ్లు ముందు మచ్చలేని వేపతోనో మామిడితోనో చేయి తిప్పుకోండి. ఎమరీ పేపర్ లేకుండానే నున్నటి కోత వస్తోందంటే అప్పుడు ఒక 6 అంగుళాల పుచ్చు ముక్క ఎక్కించండి, అడుగున గట్టి కర్ర అతికించి మరీ.