నైట్ రైడర్: కారు ముసలిదైంది, నోరు మాత్రం అలానే ఉంది

మా బావ పోయిన డిసెంబర్లో న్యూజెర్సీ నుంచి వస్తూ "ఏం తేవాల్రా" అనడిగితే చాక్లెట్లొద్దు సెంట్లొద్దు, నైట్ రైడర్ అని పాత అమెరికా టీవీ సీరియల్ డీవీడీ సెట్ సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడైనా దొరికితే పట్రా బావా అన్నా. ఫోన్లో కాసేపు సైలెన్స్. "నీకు నలభై నాలుగొచ్చాయి, గుర్తుందా?" అన్నాడు. గుర్తుండబట్టే కదా అడుగుతున్నా.

మొత్తానికి తెచ్చాడు, నాలుగు సీజన్లూ. ఇంట్లో ప్లేయర్లో పెడితే డిస్క్ గిర్రున తిరిగింది, ఆగింది, రీజియన్ తప్పు అని స్క్రీన్ మీద ఒక లైన్, అంతే. డీవీడీలు ఏ ప్రాంతానికి అమ్మినవి ఆ ప్రాంతం ప్లేయర్లలోనే ఆడేలా లాక్ చేస్తారు, దాన్నే రీజియన్ అంటారు. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మనది రీజియన్ 5, ఆ సంగతి ఇద్దరం మర్చిపోయాం. అటక మీద ఉన్న పాత లాప్‌టాప్ దించి దాంట్లో పెడితే రీజియన్ మార్చుకో అంది, కానీ మొత్తం మీద 5 సార్లే మార్చగలవు, అయిదోసారి ఏది పెడితే ఇక జన్మలో అదే అని వార్నింగ్ కూడా ఇచ్చింది. సరే కానీ అని నొక్కేశా. ఎవరైనా అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళుంటే ముందు ఇది చూస్కోండి, లేదంటే 90 దాకా ఎపిసోడ్లు అట్టపెట్టెలో అలంకారానికి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. చిన్నప్పుడు విజయవాడలో కేబుల్ వచ్చిన కొత్తల్లో పక్కింట్లో కూర్చుని చూసిన సీరియల్ ఇది, మాకెవరికీ ఇంగ్లీష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పేరు కూడా రాత్రిపూట బండేసుకుని తిరిగేవాడు అనుకున్నాం, ఆ నైట్ వేరు, హీరో ఇంటిపేరు అని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. అప్పుడు మేం చూసింది కారు. నల్ల కారు, ముందు ఎర్ర లైటు అటూ ఇటూ తిరుగుద్ది, గాల్లోకి ఎగురుద్ది, చాలు. ఇప్పుడు మళ్ళీ కూర్చుంటే ఎగరడం ఏమంత గొప్పగా లేదు గానీ, ఆ కారు ఏం మాట్లాడుతుందో మొదటిసారి అర్థమైంది. ఈ సీరియల్ మొత్తం ఆ మాటల్లోనే ఉందిరా బాబూ, ఇన్నాళ్ళూ మ్యూట్‌లో చూసినట్టు చూశాం.

తెలీనివాళ్ళకి కథ రెండు ముక్కల్లో. గ్లెన్ లార్సన్ అనే ఆయన క్రియేట్ చేశాడు, 1982 సెప్టెంబర్లో ఎన్‌బీసీలో మొదలై 1986లో అయిపోయింది. మైకేల్ లాంగ్ అని ఒక పోలీసు, మొహం మీద తుపాకీతో కాలుస్తారు, చావు బతుకుల్లో ఉంటే విల్టన్ నైట్ అనే కోటీశ్వరుడు తీసుకెళ్ళి ప్లాస్టిక్ సర్జరీ చేయించి కొత్త మొహం, మైకేల్ నైట్ అని కొత్త పేరు, మాట్లాడే కారు ఇచ్చి తను చచ్చిపోతాడు. లోకం దృష్టిలో పాత మైకేల్ పోయినట్టే. (మన సినిమాల్లో అయితే బుగ్గ మీద పుట్టుమచ్చ పెడితే సొంత తల్లి కూడా గుర్తుపట్టదు, వీళ్ళు పాపం సర్జరీ దాకా వెళ్ళారు.) ఆ పెద్దాయన పెట్టిన సంస్థ ఫౌండేషన్ ఫర్ లా అండ్ గవర్నమెంట్, దాన్ని నడిపేది డెవన్ అనే సూటు బూటు పెద్దమనిషి, కారుకి రిపేర్లు చేసేది బోనీ అనే మెకానిక్ అమ్మాయి. 1982లో ఒక టీవీ సీరియల్లో కంప్యూటర్ పని మొత్తం తెలిసింది ఆడపిల్లకి, హీరోకి స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, అది నాకు బాగా నచ్చింది.

కారు పేరు కిట్. నైట్ ఇండస్ట్రీస్ టూ థౌజండ్ అని పూర్తి పేరు. లోపల 1982 పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ బండే, ముందు మూతి కొంచెం పొడుగు చేసి, లోపల విమానం స్టీరింగ్ లాంటిది పెట్టి, డాష్‌బోర్డు నిండా లైట్లు పెట్టారు, చూస్తే దీపావళికి సీరియల్ సెట్లు కట్టిన షాపులా ఉంటది. డేవిడ్ హాసెల్‌హాఫ్ హీరో, ఆ జుట్టు, ఆ లెదర్ జాకెట్, ఆ నవ్వు, అన్నీ ఆ కాలానివి, దాని గురించి నేనేం చెప్పను.

కానీ కిట్ గొంతు విలియం డేనియల్స్ అనే నటుడిది. ఈయన పేరు టైటిల్స్‌లో ఉండదు, వద్దని ఆయనే చెప్పాడంట. అదే టైంలో అదే ఛానెల్లో సెయింట్ ఎల్స్‌వేర్ అనే హాస్పిటల్ సీరియల్లో పెద్ద డాక్టర్ వేషం వేస్తున్నాడు, దానికి ఎమ్మీ అవార్డులు కూడా వచ్చాయి, మధ్యలో వచ్చి కిట్ డైలాగులు విడిగా రికార్డు చేసి వెళ్ళిపోయేవాడు. అంటే స్క్రీన్ మీద అంత కబుర్లాడుకునే ఇద్దరూ ఒక్క రోజు కూడా ఎదురెదురుగా నిలబడి యాక్ట్ చెయ్యలేదు. ఇది తెలిసాక మళ్ళీ చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటది, ఎందుకంటే ఇద్దరి టైమింగ్ మామూలుగా లేదు.

ఆ గొంతు ఎట్లా ఉంటదంటే, రిటైరైన హెడ్మాస్టారు మన పక్క సీట్లో కూర్చుని ఊరు దాకా వస్తున్నట్టు ఉంటది. అరవడు, తిట్టడు. మైకేల్ ఏదో పిచ్చిపని చెయ్యబోతుంటే "మైకేల్" అని ఒక్క మాట, ఆ ఒక్క మాటలోనే నువ్వు చేసేది తప్పు, నీకు చెప్పినా వినవు, అయినా నేను నీ వెంటే ఉంటా, మూడూ వినిపిస్తాయి. మైకేల్ అమ్మాయిల్ని చూసి పళ్ళికిలిస్తే ఎత్తిపొడుపు, బురదలో తోలితే అలక, కార్ వాష్‌కి వెళ్తే ఆనందం. ఈయనే తర్వాత ఇంకో సీరియల్లో, బాయ్ మీట్స్ వరల్డ్‌లో, నిజంగానే మాస్టారి వేషం వేశాడు, అది చూసి నేను అనుకున్నది కరెక్టే అని ఫుల్ హ్యాపీ.

ఒక చిన్న విషయం గమనించండి. మొదటి కొన్ని ఎపిసోడ్లలో కిట్ మాట్లాడేటప్పుడు డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర చదరం మినుకు మినుకు అంటది అంతే. ఫస్ట్ సీజన్ సగం దాటాక అది మూడు నిలువు గీతలైంది, మాటని బట్టి మధ్య నుంచి పైకీ కిందకీ సాగుతాయి. చిన్న మార్పే, కానీ అప్పటిదాకా కారుకి గొంతు మాత్రమే ఉంది, ఆ గీతలొచ్చాక నోరొచ్చింది. మూతి ముడుచుకోవడం కూడా కనిపించినట్టే అనిపిస్తది.

మావాడు, పదకొండేళ్ళు, మొదటి ఎపిసోడ్‌కి బలవంతంగా కూర్చున్నాడు. మైకేల్ చేతి వాచీలో కిట్‌తో మాట్లాడితే నేను చూడరా చూడరా అని మోచేత్తో పొడుస్తున్నా, వాడు "నాన్నా, మా క్లాస్‌లో ముగ్గురికి ఉంది ఆ వాచ్" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. కానీ కారు తనంతట తనే ట్రక్కు ఎక్కే సీన్‌కి మాత్రం లేచి కూర్చున్నాడు. హైవే మీద పెద్ద ట్రక్కు పోతా ఉంటది, వెనక తలుపు దించి ర్యాంప్ లాగా పెడతారు, కిట్ స్పీడ్‌గా వచ్చి లోపలికి ఎక్కేసుద్ది. వాడి డౌటు, చక్రాలు అంత స్పీడ్‌లో తిరుగుతున్నాయి కదా, లోపలికి వెళ్ళగానే ముందు గోడకి గుద్దుకోదా అని. మంచి డౌటే. గుద్దుకోదు, ఎందుకంటే ట్రక్కుతో పోలిస్తే కారు కొంచెమే ఎక్కువ స్పీడ్‌లో ఉంటది, బండి బరువు ముందు చక్రాల తిప్పుడు ఎంత, పట్టు దొరకగానే స్పీడ్ చచ్చిపోద్ది. మిత్‌బస్టర్స్ అనే టీవీ షో వాళ్ళు నిజంగా చేసి చూపించారు, ఎక్కేసింది.

డ్రైవర్ లేకుండా నడిచే సీన్లు ఎలా తీశారో కూడా చెప్పా. నిజంగా డ్రైవర్ ఉంటాడు, సీటు కవర్ లాంటి దాని వెనక దాక్కుని తోలేవాడు. చెప్పకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి మావాడు కథ చూడ్డం మానేసి ప్రతి షాట్‌లో సీటు వంక చూసి "అదుగో, అంకుల్ దొరికాడు" అని అరుస్తున్నాడు. టర్బో బూస్ట్ అని నొక్కితే కారు గాల్లోకి ఎగిరే గంతు కూడా అంతే, ఎక్కడ పడితే అక్కడ అదే గంతు, కింద పడ్డాక మూతి పగలాలి కదా, తర్వాత షాట్‌లో షోరూమ్ నుంచి తీసినట్టు ఉంటది.

మొదటి సీజన్లో ట్రస్ట్ డజంట్ రస్ట్ అని ఒక ఎపిసోడ్ ఉంది, ఒక్కటే చూస్తాను అనేవాళ్ళు అది చూడండి. కిట్ కన్నా ముందు తయారుచేసిన కారు ఒకటి ఉంటది, దాని పేరు కార్. అవును, కారు పేరే కార్, మన తెలుగులో రాస్తే ఇంకా కామెడీ. తేడా ఒక్కటే, కిట్‌కి మనిషి ప్రాణం కాపాడమని నేర్పారు, దానికి తన ప్రాణం తను కాపాడుకోమని నేర్పారు. చివర్లో కొండ అంచున రెండు కార్లూ ఎదురెదురుగా దూసుకొస్తాయి, ఎవరు ముందు పక్కకి తప్పుకుంటారు అన్నదే ఫైట్. తన ప్రాణమే ముఖ్యమన్న బండి తప్పుకోకుండా ఎలా ఉంటది, తప్పుకుని కొండ మీంచి పోద్ది. ఒక్క బుల్లెట్ లేకుండా క్లైమాక్స్. అసలు మైకేల్ తుపాకీ జోలికే పోడు దాదాపు. ఆ దొంగ కారుకి గొంతిచ్చింది పీటర్ కల్లెన్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ఆప్టిమస్ ప్రైమ్ గొంతు ఈయనదే, ఇది చెప్పినప్పుడు మాత్రం మావాడి ముందు నా పరువు నిలబడింది.

రెండో సీజన్ మొదట్లో హాసెల్‌హాఫ్ డబుల్ యాక్షన్. విల్టన్ నైట్ సొంత కొడుకు గార్త్, విలన్, గెడ్డం ఒక్కటే తేడా. గోలియత్ అని ఒక రాక్షసి ట్రక్కు కూడా ఉంటది వాడికి. మనకి డబుల్ యాక్షన్ అలవాటే కాబట్టి ఇంట్లో అందరూ చూశారు, మా ఆవిడ అయితే "ఏవండీ, ఈ గెడ్డం ఆయనే బాగా చేస్తున్నాడు" అంది, నిజమే.

తిట్టాల్సినవి కూడా ఉన్నాయి. కథలు చాలా వరకు ఒకే మూస. చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఒక డబ్బున్న దుర్మార్గుడు, కష్టాల్లో ఒక అమ్మాయి, మైకేల్ వస్తాడు, ఫైటు, చివర్లో అమ్మాయికి టాటా చెప్పి వెళ్ళిపోతాడు, వారం తిరిగేసరికి ఇంకో ఊరు ఇంకో అమ్మాయి. వరసగా మూడు చూస్తే నాలుగోది మనమే చెప్పెయ్యొచ్చు. రోజుకి ఒకటి కన్నా ఎక్కువ చూడొద్దు. బోనీని రెండో సీజన్లో తీసేసి ఏప్రిల్ అనే అమ్మాయిని పెట్టారు, మూడో సీజన్‌కి మళ్ళీ బోనీ వచ్చింది, మా ఇంట్లో ఎవరూ ఏప్రిల్‌ని ఒప్పుకోలేదు. ఇక నాలుగో సీజన్లో కిట్‌కి సూపర్ పర్స్యూట్ మోడ్ అని పెట్టారు, స్పీడ్ కోసం ఒంటి నిండా రెక్కలూ రేకులూ లేస్తాయి, చక్కని నల్ల కారుని పెళ్ళికారు చేసేశారు. నాకైతే ఆ సీజన్లో ద సెంట్ ఆఫ్ రోజెస్ ఒక్కటే గుర్తుంది, మైకేల్ పెళ్ళి ఎపిసోడ్, ఆ అమ్మాయిగా చేసింది అప్పటికి నిజంగానే హాసెల్‌హాఫ్ భార్య.

మ్యూజిక్ గురించి చెప్పేదేముంది. స్టూ ఫిలిప్స్, లార్సన్ కలిసి చేసింది. మీరు సీరియల్ చూడకపోయినా ట్యూన్ తెలుసు, బరాత్‌లో డీజే వాడు వేసే పంజాబీ ఎంసీ పాట కింద నడిచే బీట్ ఇదే. మొదటి ఎపిసోడ్ టైటిల్స్ రాగానే మా అమ్మ వంటింట్లోంచి "ఎవరి పెళ్ళిరా" అంది.

2008లో ఫోర్డ్ మస్టాంగ్ పెట్టి మళ్ళీ తీశారు, వాల్ కిల్మర్ గొంతు. కారు బాగుంది, కబుర్లు లేవు. వదిలెయ్యండి.

నా సొంత కారు కూడా ఇప్పుడు మాట్లాడుద్ది లెండి. లైన్ దాటితే కుయ్ అంటది, పక్క నుంచి ఆటో దూరితే కుయ్ అంటది, గేదె అడ్డమొస్తే కుయ్ కుయ్. బెంజ్ సర్కిల్ దాటేసరికి మనకి పిచ్చెక్కుద్ది. కిట్ అయితే "మైకేల్, ఎదురుగా గేదె, దానికి తొందరేం లేనట్టుంది" అని ఉండేవాడు.

క్వాలిటీ గురించి అడిగారంటే, బొమ్మ నీట్‌గానే ఉంది, పాత చదరం టీవీ సైజు కాబట్టి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. మా సెట్‌లో డిస్కులు చాలా వరకు బాగానే ఉన్నాయి, ఒక్కటి మాత్రం గీతలు పడింది, అమ్మినవాడు మంచి కండిషన్ అని రాశాడంట. ఆ గీతలు కూడా ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. మూడో సీజన్లో జంక్ యార్డ్ డాగ్ అని ఒక ఎపిసోడ్, కిట్‌ని తీసుకెళ్ళి కెమికల్స్ గుంటలో తోసేస్తారు. సరిగ్గా అది మునుగుతుండగా బొమ్మ బిగుసుకుపోయింది. ఇంకో సీజన్ ఉంది కదరా, బతక్కపోతే అందులో ఎవరు మాట్లాడతారు అని ఎంత చెప్పినా మావాడు వినట్లేదు, రెండు రోజుల్నుంచి తర్వాత ఎపిసోడ్ పెట్టనివ్వట్లేదు. ఎవరో చెప్తే డిస్క్‌కి టూత్‌పేస్ట్ రాసి మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి కడిగా, ప్రస్తుతం బాల్కనీలో పంచె మీద ఆరుతోంది, వాడు దాని పక్కనే కాపలా.